ఐదడుగుల్లో యుద్ధం పడింది

బెల్‌గ్రేడ్‌లో ఐదడుగులు తవ్వేసరికి యుద్ధం పడుతుంది.

మా మక్తల్ వైపు అరవై అడుగులు తవ్వినా బావిలో నీళ్లు పడవు. పడ్డ రోజున ఊరంతా వచ్చి కొబ్బరికాయ కొడుతుంది. ఇక్కడ యుద్ధం పడినందుకు ఎవరూ రారు. మా మేస్త్రీ సాయన్న గుంత అంచున గొంతుక్కూర్చుని కిందికి తొంగి చూస్తాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "పందొమ్మిది వందల నలభై నాలుగు, తడి మట్టి" అని పైకి చదువుకుంటూ రాసుకుంటాడు.

నా పేరు మొగులమ్మ. గడ్డపార, పార మా ఆయన కుర్మయ్యవి. తట్ట నాది. కోటగుట్ట పక్కన పెద్ద హోటలు కడతారట. దాని పునాది గుంత తవ్వడానికి పద్దెనిమిది పాలమూరు జంటలను విమానం ఎక్కించి తెచ్చారు. మిషన్లు పెడితే పాత కోట గోడలు అదురుతాయని ఇక్కడివాళ్ల భయం. గోడలు అదరకూడదు, మా నడుములు అదిరితే ఏం పోయింది.

యుద్ధం జానెడు మందం పొరగా ఉంది. ఆ జానెడులోనే ట్యాంకులు, పొగ, వంతెన వైపు పరుగెత్తే సైనికులు, అందరూ నిలువెత్తున ఉన్నారు. ఎలా పట్టారని నేను అడగను. బొంబాయిలో మేము పద్నాలుగు మందిమి ఒక గదిలో పట్టాం.

"జెర కాలు తియ్యి బిడ్డా," అంటాను ఒక సైనికుడితో.

అతను కాల్చడం ఆపి కాలు తీస్తాడు. కుర్మయ్య అక్కడ పార వేస్తాడు. నేను తట్ట నెత్తికెత్తుకుంటాను. అతను మళ్లీ అక్కడే కాలు పెట్టి కాల్చుకుంటాడు.

దాని కింద నలభై ఒకటి. దాని కింద పదిహేను, పద్నాలుగు. ఇంకా కిందికి పోతే పదిహేడు వందలు. ఆస్ట్రియావాళ్లు ఊరు తీసుకుంటారు, టర్కీవాళ్లు తీసుకుంటారు, మళ్లీ ఆస్ట్రియా, మళ్లీ టర్కీ. కుక్కలు చింపిన విస్తరి. ఊరి పేరుకు తెల్ల పట్నం అని అర్థమట. నేను ఇన్ని వందల తట్టలు మోశాను, తెల్లమట్టి ఒక్క తట్ట కూడా రాలేదు.

మట్టిపనికి మనిషిని తీసుకోరు, జంటను తీసుకుంటారు. మగవాడు తవ్వాలి, ఆడది మోయాలి. ఇరవై రెండేళ్లుగా ఆయన తవ్వుతున్నాడు, నేను మోస్తున్నాను. ఎన్ని డ్యాములో, ఎన్ని కాలువలో నాకు గుర్తు లేదు. ఆయనకు గుర్తే. ఎందుకంటే ఆయనకు సాక్షి పిచ్చి.

సాక్షి అంటే వేరే ఏమీ కాదు. గుంత తవ్వేటప్పుడు నడుమ ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేస్తాం. దాని నెత్తిన గడ్డి కూడా అలాగే ఉంటుంది. నేల ఇంత ఎత్తున ఉండేది, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఫలానా వాడు తవ్వాడు అని అది చెబుతుంది. కొలతల సారు వచ్చి, టేపు పట్టి, పేరు రాసుకున్న తర్వాతే దాన్ని కూల్చాలి. తవ్వినవాడే కూల్చాలి. ఇది మా తాతల నాటి పద్ధతి. నా కాన్పు నాడు కుండపోత వాన. ఈయన టార్పాలిన్ తెచ్చి నా గుడిసె మీద కాదు, సాక్షి మీద కప్పాడు. ఆ మాట నేను ఇప్పటికీ అంటూనే ఉంటాను.

ఇక్కడ కూడా ఆయన గుంత నడుమ సాక్షి నిలబెడతాడు. ఒకనాడు ఇంజనీరు వచ్చి మూడు కాళ్ల మిషను పెట్టి, ఒక కన్ను మూసి చూసి, రెండు నిమిషాల్లో వెళ్లిపోతాడు.

"సాక్షి అక్కర్లేదంట," అంటాడు సాయన్న. "గుంత ఎంతుందో మిషనుకు ఎరికేనంట."

"ఎవరు తవ్విన్రో గూడ ఎరికేనా?" అంటాడు కుర్మయ్య.

"దానికెందుకు?"

వేరే జంట వచ్చి సాక్షిని తవ్వి పారేస్తుంది. కుర్మయ్య రెండు రోజులు నాతో మాట్లాడడు. నేనేదో మిషను తెప్పించినట్టు.

మూడో రోజున గుంత అడుగు నుంచి ఒక నిచ్చెన పైకి లేస్తుంది. పెద్ద తలపాగా పెట్టుకున్న ఆఫీసరు మెట్టు మెట్టుకూ అంగీ దులుపుకుంటూ ఎక్కి వస్తాడు. పదిహేను వందల ఇరవై ఒకటి నుంచి వచ్చానంటాడు. మేము ఇంకా అంత లోతుకు పోలేదు. ఆయన తన భాషలోనే మాట్లాడతాడు, నాకు మాత్రం మా తాసీల్దారు మాట్లాడినట్టు వినిపిస్తుంది.

"మా దగ్గర చంపేవాళ్లు ఉన్నారు, చచ్చేవాళ్లు ఉన్నారు," అంటాడు సాయన్నతో. "తవ్వేవాళ్లే తక్కువ. కోట గోడ కింద సొరంగం తీయాలి. ఒక మనిషిని మూడు రోజులకు ఇవ్వండి."

"మూడు దినాలే గదా, తీస్కపోండ్రి సారు," అంటాడు సాయన్న.

నాకు ఒళ్లు మండుతుంది. "ఆయనేమన్న గడ్డపారనా మేస్త్రీ, అడిగినోళ్లకల్ల ఇచ్చెతందుకు?"

"గుంత దాటి పోతలేడు గదా మొగులక్కా. లోపటనే ఉంటడు. పనిల ఉన్నట్టే."

కుర్మయ్య ఆఫీసరును ఒక్కటే అడుగుతాడు. "కొలతలు రాస్తరా?"

"మా సుల్తాను దగ్గర రాయనిది ఏదీ ఉండదు," అంటాడు ఆఫీసరు.

అంతే, మా ఆయన మొహం వెలిగిపోతుంది. పెళ్లిలో కూడా ఆ మొహం అంత వెలగలేదు. పార భుజాన వేసుకుని, నా వైపు చూడకుండానే నిచ్చెన దిగిపోతాడు.

మూడు రోజులు గడుస్తాయి. తొమ్మిది గడుస్తాయి. శనివారం పొద్దున సాయన్న నా దగ్గరికి వచ్చి నేల చూస్తూ మాట్లాడతాడు.

"రేపు తొమ్మిది గంటలకు కాంక్రీటు బండ్లు వస్తయి. నీకు రేపే విమానం. ఒంటి మనిషికి ఈడ పని లేదు అక్కా, నీకెరికే గదా."

"మా ఆయన ఇంక కింద ఉన్నడు."

"కాంక్రీటు పడ్డంక ఎవరు యాడుంటే ఆడనే."

"ఎక్కి రమ్మని పిలువరాదు?"

"పిలిచిన. కొలతలు కాలేదంటుండు."

నవ్వాలో ఏడవాలో తెలియదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఈ సాయన్నతో మాట్లాడడం. నేను రెండు జొన్నరొట్టెలు, పల్లీల కారం మూట కట్టుకుని, చీర గోచీ పోసి, నిచ్చెన దిగుతాను.

నలభై నాలుగులో మొన్నటి సైనికుడే అడుగుతాడు, "అమ్మా, పైన ఏ సంవత్సరం?"

"హోటలు సంవత్సరం."

"గెలిచిందెవరు?"

"హోటలే," అంటాను. అతను కాసేపు ఆలోచించి మళ్లీ కాల్చడం మొదలుపెడతాడు.

పదిహేనులో పోరగాళ్లు నది ఒడ్డున వరుసగా కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు. కట్టడం అయితే లేవాలి. అందుకని విప్పి మళ్లీ కడుతున్నారు. 

పదిహేడు వందల ముప్ఫై తొమ్మిదిలో యుద్ధం అయిపోయింది. ఆస్ట్రియావాళ్లు ఇరవై ఏళ్లుగా కట్టించిన గోడలను తామే కూల్చి వెళ్లిపోవాలని ఒప్పందమట. ఒక ముసలాయన గోడ మీద కూర్చుని రాయి తర్వాత రాయి ఊడబెరుకుతున్నాడు.

"కట్టింది గూడ నువ్వేనా పెద్దాయనా?" అంటాను.

"ఇదే సుత్తె," అంటాడు. "కట్టేటప్పుడు ఎక్కువ తిట్టిన్రు."

పదహారు వందల తొంభైలో మందుగుండు కొట్టు పేలుతోంది. పేలడం ఇంకా పూర్తి కాలేదు. పొగ గడ్డకట్టి మెట్ల లెక్క ఉంది. నేను దాని మీద అడుగు పెట్టి దిగుతాను, అరికాళ్లు కొంచెం వేడెక్కుతాయి.

పదిహేను వందల ఇరవై ఒకటిలో సొరంగం ఉంది. చూడగానే మా ఆయన తవ్విందని తెలుస్తుంది. గోడలు పారతో చెక్కి నున్నగా ఉన్నాయి. గూళ్లలో దీపాలు. ఒక పక్క తలపాగాల సైన్యం నిలబడి ఉంది. చివర, కోట గోడ పునాది కిందుగా, నడుము మందం మట్టి దిమ్మె. పెద్ద కోట గోడ మొత్తం ఆ దిమ్మె మీద నిలిచి ఉంది. భూమి లోపల గడ్డి మొలవదు కదా, అందుకని దాని నెత్తిన నాలుగు గడ్డిపోచలు తెచ్చి గుచ్చాడు. దానికి ఆనుకుని కుర్మయ్య బీడీ తాగుతున్నాడు.

పక్కన ఒక ఆడమనిషి. తట్ట పట్టుకుని.

"ఎవరీమె?" అంటాను.  ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయన పక్కన వేరే తట్ట చూస్తున్నాను.

"స్తానా," అంటాడు కుర్మయ్య, అదేదో ఊళ్లో ఉన్న మరదలి పేరు చెప్పినట్టు. "ఈడ గూడ జంటనే తీసుకుంటరు మొగులీ. ఒంటోనికి పనిస్తరా?"

స్తానా ఇల్లు ఈ కోట గోడ లోపలే ఉంది. తల్లి, ఇద్దరు ఆడపిల్లలు ఆ ఇంట్లో ఉన్నారు. మొగుడు లేడు. రోజూ పొద్దున కోటవాళ్లు పంపే రొట్టె పట్టుకుని వస్తుంది, దిమ్మె నిలిచి ఉందో లేదో చూస్తుంది. చూశాక ఊరికే కూర్చోలేక తట్ట ఎత్తుతుంది. ఆమె మాట్లాడేది నాకు మా ఊరి యాసలోనే అందుతుంది.

"నీ మొగుడు ఏ దిక్కు కొట్లాడి సచ్చిండు?" అని అడుగుతాను.

"రెండు దిక్కులా తవ్విండక్కా. ఎవరు పిలిస్తే ఆడికి పోయెటోడు. ఎవరు సంపిన్రో ఎర్క లేదు."

ఆమె తట్టను పొట్టకు కరుచుకుని మోస్తోంది. నాకు ఆమె మీద కోపంగానే ఉంది. అయినా తట్టను అలా మోస్తుంటే చూస్తూ ఉండలేను. చీర కొంగు చింపి, చుట్టబట్ట చుట్టి ఆమె నెత్తిన పెడతాను. మెడ నిటారుగా పెట్టమంటాను. ఆమె నాలుగు అడుగులు నడిచి చూస్తుంది.

"మీ ఆయన మంచోడక్కా," అంటుంది. "నన్ను సూడడు, మన్నునే సూస్తడు."

"నన్ను గూడ గంతే," అంటాను.

తలపాగా ఆఫీసరు నన్ను పక్కకు పిలుస్తాడు. పాపం, చాలా అలసిపోయాడు. "గోడ కూలాలని దాని కింద ఆనించిన కర్రలన్నీ కాల్చాం. గోడ పడలేదు. ఈ మట్టి దిమ్మె మోస్తోంది. కూల్చమంటే మీ ఆయన కొలతలు కావాలంటాడు. మా కొలతల గుమాస్తా ముందటి యుద్ధంలో పోయాడు. కొత్తవాణ్ణి పంపమని రాశాం. జవాబు ఐదు వందల ఏళ్లుగా దారిలో ఉంది."

"మీరే కూల్చుకోరాదు సారు?"

"తవ్వినవాడే కూల్చాలి, అది మా ఆచారం అన్నాడు. ఆచారమంటే మా సైన్యానికి గౌరవం," అంటాడు. తలపాగా సర్దుకుని, "మనుషుల సంగతి వేరు," అంటాడు.

పొద్దున కోటవాళ్లు రొట్టె పంపుతారు, కూల్చొద్దని. సాయంత్రం సుల్తానువాళ్లు పులావు పంపుతారు, కూల్చమని. కుర్మయ్య రెండూ తింటాడు. ఒళ్లు కూడా చేశాడు. నేను తెచ్చిన జొన్నరొట్టె చేతిలో పెడితే మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

"ఇంటికి పోదాం పా," అంటాను.

"కొలతలు కాలే మొగులీ."

"పొద్దున తొమ్మిదింటికి కాంక్రీటు పోస్తరంట. నీ మీదనే పోస్తరు."

"పొయ్యనీ. సాక్షి నిలవడే ఉంటది గదా."

"థూ! నీ సాక్షికి అగ్గివెట్ట," అంటాను. నా గొంతు సొరంగమంతా మోగుతుంది. "ఇరవై రెండేండ్లు నీ ఎనక మోసిన. నువ్వు తవ్విన ప్రతి పార మన్ను నా నెత్తి మీదికెళ్లి పోయింది. నేను సాక్షి గానా? నేను సాలనా?"

 ఆయన బీడీ ఆరిపోతుంది. మళ్లీ ముట్టించడు.

"నువ్వు సచ్చిపోతవు గదనే," అంటాడు చివరికి, మెల్లగా. "నేను గూడ పోత. గా డ్యాము మీద మంత్రి పేరున్నది. కాలువ మీద గూడ ఉన్నది. ఒక్క కాడన్న, ఈ దునియాల ఒక్క కాడన్న, కుర్మయ్య తవ్విండని ఉండాలె గదా."

 తిట్టడానికి ఏమీ దొరకదు. తిట్టు దొరకనప్పుడు పని చేయడమే నాకు తెలుసు. గోచీ బిగించి, మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా మూర పెట్టి, సొరంగం మొదటి నుంచి కొలవడం మొదలుపెడతాను.

"ఒకటి. రెండు. మూడు."

పైన గోడ మీద కొట్లాట ఆగిపోతుంది. ఫిరంగి కాల్చేవాడు కాగడా పట్టుకుని అలాగే నిలబడతాడు. రెండు సైన్యాలూ ఊపిరి బిగబట్టి నా మూరలు వింటున్నాయి. ఇన్ని వందల ఏళ్లలో వీళ్ల కింద ఎవరు ఎంత తవ్వారో ఎవరూ కొలవలేదట. నూట పన్నెండు మూరల పొడుగు. మూడున్నర మూరల వెడల్పు. నాలుగు మూరల ఎత్తు.

"రాయుండ్రి సారు," అంటాను ఆఫీసరుతో. "పేరుతోని రాయుండ్రి."

ఆయన కలం తీస్తాడు. చాలాసేపు రాస్తాడు, ఇసుక చల్లి ఆరబెట్టి, కాగితం నా చేతికిస్తాడు. స్తానా గూట్లోంచి దీపం తీసి నా భుజం దగ్గర పట్టుకుంటుంది. ఆయన ఏ భాషలో రాశాడో గానీ నాకు తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. వయోజన విద్య బడికి నేను మూడు నెలలు పోయాను. కుర్మయ్య ఒక్కనాడు కూడా రాలేదు, పని నుంచి వచ్చి గోడకు ఆనుకుంటే చాలు నిద్రపోయేవాడు.

కాగితంలో ఇలా ఉంది: "నూట పన్నెండు మూరల ఈ సొరంగమును ఘనత వహించిన పాషావారు స్వయముగా తవ్విరి."

నేను రెండుసార్లు చదువుతాను. ఆఫీసరు నా మొహంలోకి చూడడు, కలం తుడుచుకుంటున్నాడు.

"ఎక్కిందా?" అంటాడు కుర్మయ్య. ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు తలగుడ్డకు తుడుచుకుంటున్నాడు, ఎవరో పెద్దమనిషి ఇంటికి వచ్చినట్టు. "నా పేరు ఎక్కిందా మొగులీ?"

"ఉంది," అంటాను.

"ఏమని ఉంది?"

"కుర్మయ్య, తండ్రి పెంటయ్య, మక్తల్ అని ఉంది."

"మూరలు?"

"అన్ని ఉన్నయి."

"నీ పేరు?"

"నా పేరెందుకుంటది," అంటాను.

ఆ ఒక్క మాట నిజం కాబట్టి మిగతావన్నీ నమ్ముతాడు. పార తీసుకుంటాడు. దిమ్మె నెత్తిన గుచ్చిన గడ్డిపోచలను జాగ్రత్తగా తీసి పక్కన పెడతాడు. భూమికి దండం పెట్టి, ఒక్క వేటు వేస్తాడు.

గోడ మా మీద పడదు. గుట్ట మీంచి మేకలు దిగినట్టు ఒక రాయి వెనక ఒక రాయి తాపీగా దిగిపోతుంది. సైన్యం "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నట్టు మమ్మల్ని తప్పుకుంటూ లోపలికి నడుస్తుంది. ఊరివాళ్లను ఇళ్లలోంచి బయటికి తెచ్చి, వరుసగా నిలబెట్టి, దూరదేశానికి తోలుకుపోతారు. స్తానా దీపాన్ని గూట్లో పెడుతుంది. ఇల్లు ఉన్న వైపు పరుగెత్తుతుంది. కాసేపటికి తల్లిని ఒక చేత్తో, పిల్లలను ఒక చేత్తో పట్టుకుని ఆ వరుసలో కనిపిస్తుంది. నా వైపు చూడదు. నేను పిలవను. ఏ మొహం పెట్టుకుని పిలవాలి?

"పా, పోదాం," అంటాడు కుర్మయ్య ఉత్సాహంగా.

మేము ఎక్కుతాం. ఆయన ముందు, నేను వెనక. కనబడ్డ ప్రతివాడికీ చెబుతాడు, "నాది ఎక్కింది!" అని. పదిహేడు వందల ముప్ఫై తొమ్మిదిలో ముసలాయన సుత్తి ఆపుతాడు.

"నాది గూడ ఏడన్న ఉండొచ్చునంటవా?"

"ఎందుకుండదు పెద్దాయనా? మా ఆమెకు చదువొచ్చు. రా, సూస్తది."

ముసలాయన సుత్తి అక్కడే వదిలి మా వెనక ఎక్కుతాడు. ఆయన వెనక రాళ్లు కొట్టేవాళ్లు. వాళ్ల వెనక కందకాలు తవ్వినవాళ్లు, వంతెనలు వేసినవాళ్లు, బాంబులు పడ్డాక శిథిలాలు ఎత్తినవాళ్లు. పదిహేనులో పోరగాళ్లు తాళ్లు కట్టడం ఆపి, వాళ్ల కోసం కందకం తవ్వినవాణ్ణి ముందుకు తోస్తారు. కుర్మయ్య అందరినీ పేరుపేరునా పిలుస్తున్నాడు. నేను ఎంత అంగీ పట్టి లాగినా ఆగడు.

పైకి వచ్చేసరికి తొమ్మిది అవుతోంది. కాంక్రీటు బండ్లు తిరుగుతున్నాయి. సాయన్న మమ్మల్ని చూసి, "జంట దొరికింది," అంటాడు, ఆఖరి మనిషి ఎక్కాడో లేదో చూసి చెయ్యి ఊపుతాడు. బూడిదరంగు కాంక్రీటు నలభై నాలుగు మీద, ముప్ఫై తొమ్మిది మీద, నూట పన్నెండు మూరల మీద పడుతుంది. కుర్మయ్య ఒక్కసారి కూడా వెనక్కి చూడడు. ఆయనకేం, కాగితం మీద ఎక్కిందిగా.

"ఎయిర్‌పోర్టుకు బండి ఉంది," అంటాను. "దబ్బున నడువు."

"జెర ఆగు," అంటాడు.

కోట వాకిలి పక్కన పెద్ద రాతిపలక ఉంది. ఈ ఊరిని గెలిచినవాళ్ల పేర్లు దాని మీద పై నుంచి కింది దాకా ఉన్నాయి. సుల్తానులు, పాషాలు, రాకుమారులు, మార్షళ్లు. కుర్మయ్య నన్ను దాని ముందు నిలబెడతాడు.

"దీని మీద గూడ ఎక్కిందా?"

నేను పై నుంచి కింది దాకా చదువుతాను.

"ఉంది," అంటాను.

"నాది?" అంటాడు ముసలాయన.

కుర్మయ్య నా మొహంలోకే చూస్తున్నాడు. ఈయనది లేదంటే, మరి నాదెట్ల ఉందే అని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెప్తే ఈ మనిషి ఇక్కడే కూలిపోతాడు.

"ఉంది," అంటాను.

ముసలాయన టోపీ తీసి, పలకను ఒకసారి తాకి, పక్కకు తప్పుకుంటాడు. ఆయన వెనకవాడు పేరు చెబుతాడు. ఉంది. ఆ వెనకవాడు. ఉంది. వరుస గుట్ట దిగి, ట్రాము పట్టాలు దాటి, ఇంకా కిందికి పోతోంది. మా విమానం రెండు ఖాళీ సీట్లతో మా నెత్తి మీదుగా వెళ్లిపోతుంది. కుర్మయ్య వరుసను సరిచేస్తున్నాడు, తోసుకోవద్దు, అందరివీ ఉన్నయి అంటున్నాడు. ఇంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. నేను ఇంటికి తీసుకుపోదామని వచ్చిన మనిషి ఈయనే. ఇక ఇంటికి పోయేది లేదని నాకు తెలుస్తోంది.

వరుసలోంచి స్తానా వచ్చి నా ఎదురుగా నిలబడుతుంది. దూరదేశం దుమ్ము ఆమె పాదాల మీద ఉంది. తల్లి లేదు, పిల్లలు లేరు.

"మీ ఆయన పేరు చెప్పు," అంటాను. 

"నాకు చదువొచ్చు," అంటుంది.

నేను పలకకు అడ్డంగా జరుగుతాను.

"మా నాయన గుడిల పూజారి. నాకు నేర్పిండు. గప్పుడు దీపం వట్టింది నేనే గదా అక్కా. నీ కన్న ముందే చదివిన."

"మల్ల ఎందుకు చెప్పలే?" అంటాను. "నీ ఇల్లు, నీ పిల్లలు..."

"చెప్దామనే నోరు తెరిచిన. గంతల నువ్వు ఉంది అన్నవు. నీ మొగని మొఖం సూసిన. నా మొగనికి గూడ ఎవరన్న ఒక్కసారి గట్ల చెప్పి ఉంటే ఎంత బాగుండు అనుకున్న. అనుకుంటుండంగనే గోడ వడ్డది."

నాకు ఏడుపు వస్తుంది. ఏడిస్తే కుర్మయ్య చూస్తాడని లోపలికే మింగుతాను. స్తానా నన్ను తిట్టదు, కొట్టదు. తిట్టినా బాగుండేది. పలకకు అవతలి పక్కన పోయి నిలబడి, వరుసలోంచి ఒకణ్ణి తన వైపు పిలుస్తుంది. వాడు పేరు చెబుతాడు.

"ఉంది," అంటుంది స్తానా.

వరుస రెండుగా చీలి, కొంచెం త్వరగా కదులుతుంది. మధ్యాహ్నానికి మనుషులు అయిపోతారు. వాళ్ల వెనక సావా, డాన్యూబ్, రెండు నదులూ నిలబడి ఉన్నాయి. తడవకుండా చీర ఎత్తి పట్టుకున్నట్టు ఒడ్డులను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకున్నాయి. అవి లేచి వచ్చిన చోట రెండు పొడవాటి గుంతలు ఆకాశం అంచు దాకా ఉన్నాయి. కుర్మయ్య వాటిని చూసి, "ఎవరు తవ్విన్రో గానీ మంచి పని," అంటాడు.

డాన్యూబ్ నా ముందుకు వచ్చి ఆగుతుంది. తన పేరు చెప్పదు. తనలో పడ్డవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెడుతుంది. మొదటి పేరు సగం నీళ్లతో వస్తుంది, అది ఆడపేరో మగపేరో కూడా నాకు తెలియదు.

"ఉంది," అంటాను.